సున్నా అని వచ్చిన జవాబు: మర్రిగూడ మాట లోక్‌సభ దాకా వెళ్లిన తీరు

దక్షిణ తెలంగాణ నుంచి గెలిచిన ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర కొన్నేళ్లు పార్లమెంటు పని చూశాను. ప్రశ్నలు రాయడం, నోటీసులు వేయడం, ప్రసంగానికి సమాచారం సిద్ధం చేయడం, వచ్చిన జవాబు చదివి తర్వాత ఏం చేయాలో చెప్పడం నా పని. ఆయన పేరు, నియోజకవర్గం ఇక్కడ రాయడం లేదు. ఇదే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చేసి, ‘మా దగ్గరి సమస్యను సభలో ఎట్లా లేవనెత్తాలి’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఒకే ఒక్క కేసు, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడు బాధితుల సంగతి, మొదటి నుంచి చెబుతాను. అందులో మేం చేసిన తప్పులు కూడా ఉన్నాయి.

జీరో అవర్‌లో అన్నీ కుక్కేశాం

మా మొదటి ప్రయత్నం జీరో అవర్. ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, ఆ తర్వాత ఇది. నిబంధనల పుస్తకంలో ఈ పేరు ఉండదు, ఆనవాయితీగా వచ్చింది. నోటీసు ఇవ్వాలి, బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు రావాలి. వచ్చినా దొరికేది రెండు మూడు నిమిషాలు. మా పేరు వచ్చిందని తెలిసిన రాత్రి నేను నిద్రపోకుండా పేజీన్నర రాశాను. ఫ్లోరైడు నీళ్లు, ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం, డిండి ఎత్తిపోతల, బీబీనగర్ ఎయిమ్స్, పోచంపల్లి చేనేత మీద జీఎస్టీ అన్నీ పెట్టాను. మళ్లీ ఎప్పుడు అవకాశం వస్తుందో అన్న టెన్షన్. ఎంపీ గారు సొరంగం దాకా వచ్చేసరికి మైకు తర్వాతి సభ్యుడికి వెళ్లిపోయింది.

మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటోతో వార్త పడింది. ఢిల్లీలో ఏమీ కదల్లేదు. జీరో అవర్‌లో అడిగినదానికి మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. పైగా మేం ఎత్తిన విషయాలు మూడు నాలుగు శాఖలవి. అన్నీ కలిపి మాట్లాడితే ఏ శాఖ అధికారీ ఇది తనను అడిగారని అనుకోడు. ఆ తప్పు పూర్తిగా నాదే.

తర్వాత ఒక్క ఫ్లోరైడే పట్టుకుందాం అన్నారు ఎంపీ గారు. కృష్ణా నీళ్ల మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫ్లోరైడు మాత్రం అయిపోయిన కథ అని అందరూ అనుకుంటున్నారు. అందుకే అది.

480 మంది పోటీ చేసిన చోటు

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్లతో, కరువుతో పడుతున్న గోస దేశానికి వినపడాలని జల సాధన సమితి రైతులతో నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, దాదాపు మిగిలిన అందరి డిపాజిట్లూ పోయాయి. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. దానికి నల్గొండ ఒక్కటే కారణం కాదు, ఆ ఎన్నికల్లో ఇంకొన్ని చోట్ల కూడా వందల మంది నిలబడ్డారు. అయినా నీళ్ల కోసం చేసిన పనికి ఢిల్లీ నుంచి ముందు వచ్చింది డిపాజిట్ పెంపు అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ఆయన ముందు కూర్చోబెట్టారు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు, కీళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బుతో శరీరం ఎదగని ఆ మనిషిని చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. స్వామి 2023 జనవరిలో చనిపోయారు. ఇంత జరిగిన ప్రాంతం నుంచి ఎన్నికైన సభ్యుడు నాలుగు విషయాల మధ్య ఫ్లోరైడును ఒక వాక్యంలో చెప్పి కూర్చోకూడదు కదా.

సున్నా

సరే, అన్‌స్టార్డ్ ప్రశ్న వేశాం. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు ఉంటాయి. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో చెబుతారు, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. కానీ బ్యాలెట్‌లో ముందు వరసలో పడితే తప్ప మన దాకా రాదు. అన్‌స్టార్డ్‌కు రాతపూర్వక జవాబు వస్తుంది. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి.

జల్ శక్తి శాఖను అడిగాం: తెలంగాణలో ఎన్ని ఆవాసాలు ఫ్లోరైడు పీడితం? జవాబు వచ్చింది, కింద పట్టిక. తెలంగాణ వరసలో సున్నా. 2020 సెప్టెంబరులోనే కేంద్రం పార్లమెంటుకు ఇదే చెప్పింది.

ఆ రోజు ఆఫీసులో పెద్ద చర్చే నడిచింది. జవాబు అబద్ధమని అరవాలా? అది న్యాయం కాదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక ఊళ్లలో తాగే నీళ్ల పరిస్థితి నిజంగానే మారింది. ఆ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టింది కూడా ఈ ప్రాంతపు ఫ్లోరైడును దృష్టిలో పెట్టుకునే. మరి ఊరుకోవాలా? ఊరుకుంటే ఊళ్లలో వంగిన నడుములతో ఉన్న మనుషులు కాగితం మీద లేకుండా పోతారు. ఎంపీ గారు, ‘నువ్వు పోయి చూసి రా, తర్వాత మాట్లాడదాం’ అన్నారు.

మర్రిగూడ వైపు వెళ్లాను. చౌటుప్పల్ దాటి నారాయణపురం మీదుగా వెళితే దారి పొడుగునా బండరాళ్ల గుట్టలు. ఈ గ్రానైట్ రాతి లోంచే భూగర్భ జలంలోకి ఫ్లోరైడు దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదు అంటుంది మన దేశ ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు ఇక్కడ రెండు మూడు తరాలు తాగాయి.

ఒక ఇంట్లో పెద్దాయన నులక మంచం మీద కూర్చున్నాడు. నేను పక్క నుంచి వచ్చి నమస్కారం పెట్టాను. ఆయన తల తిప్పలేదు. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, ఒళ్లంతా కొంచెం లేపి, నడుముతో సహా నా వైపు తిరిగాడు. మెడ ఒక్కటే తిరగడం ఆయనకు ఎప్పుడో ఆగిపోయింది.

“నీళ్లు మంచిగనే వస్తున్నయ్ బిడ్డా” అన్నాడు. “గీ నీళ్లు నేను పోరగాన్ని ఉన్నప్పుడు రావాలె.”

పింఛను వస్తుందా అని అడిగాను. వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు సంగతి చెప్పాడు. “సదరం క్యాంపుకు పోయిన. మీది అంతస్తుల పెట్టిన్రు. మెట్లెక్కేసరికే సగం పాణం పోయింది. చేతులు లేపు అన్నరు, లేపిన. కాలు ముడువు అన్నరు, ముడిసిన కాడికి ముడిసిన. శాతం సరిపోలేదని పంపిన్రు.”

తిరిగి వస్తుంటే విషయం అర్థమైంది. పట్టికలో లెక్కపెట్టింది ఆవాసాలను. ఊరికి మంచి నీళ్లు రాగానే ఆ ఊరు జాబితా లోంచి పోతుంది. ఎముకలో పేరుకున్న ఫ్లోరైడు పోదు. బిగిసిన కీళ్లను మళ్లీ వదులు చేసే మందు లేదు. సున్నా తప్పు కాదు, మా ప్రశ్నే తప్పు. మనుషుల గురించి అడగాల్సిన చోట మేం కుళాయి గురించి అడిగాం.

ఎవరిని అడగాలి

ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టిన భాగం ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

నీళ్లు జల్ శక్తి శాఖవి. జబ్బు ఆరోగ్య శాఖది. ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమం ఒకటి 2008-09లో మొదలైంది, నల్గొండ జిల్లా కూడా అందులోకి వచ్చింది. నీటి పరీక్షలు, సిబ్బందికి శిక్షణతో పాటు అవసరమైన వాళ్లకు ఆపరేషన్, పునరావాసం కూడా అందులో ఉన్నాయి. ఇక వైకల్యం శాతం సంగతి మూడో శాఖది, సామాజిక న్యాయం, సాధికారత. ఒక్క మనిషి నడుము నొప్పి ఢిల్లీలో మూడు భవనాల మధ్య పంచబడి ఉంటుంది. ప్రశ్నలకు ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి ముగ్గురు మంత్రులనూ ఒకే రోజు, ఒకే ప్రశ్నలో అడగడం కుదరదు.

పింఛను మీద నేరుగా ప్రశ్న వేస్తే నిలవదు. అప్పట్లో ఆసరా పేరుతో ఇచ్చిన పింఛను రాష్ట్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వికలాంగులకు సహాయం అన్న అంశం రాష్ట్ర జాబితాలో ఉంది. కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేని విషయం మీద ప్రశ్న వేయకూడదని లోక్‌సభ 41వ నిబంధన చెబుతుంది. ప్రశ్న 150 పదాలు దాటకూడదు, వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు అన్నవి కూడా అందులోనే ఉన్నాయి. నేను మొదట రాసిన ముసాయిదా ఇలా ఉంది: “దశాబ్దాలుగా ఫ్లోరైడుతో నలిగిపోయిన పేదలకు వైకల్య పింఛను ఇవ్వకుండా అన్యాయం చేయడానికి కారణమేమిటి?” బాధ నిజమే. కానీ ఇందులో వాదన ఉంది, నింద ఉంది, రాష్ట్ర విషయం ఉంది. మూడూ తిరస్కరణకు కారణాలే.

అప్పుడు వికలాంగుల హక్కుల చట్టం, 2016 తీసి కూర్చున్నాను. అందులో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. కుష్ఠు నయమైనవాళ్లు ఉన్నారు, మరుగుజ్జుతనం ఉంది, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు. ఫ్లోరోసిస్ పేరు లేదు. ఫ్లోరోసిస్ మనిషి చలన వైకల్యం (ఒంటి కదలికలో లోపం) కింద రావాలి, కనీసం 40 శాతం ఉండాలి. ఆ శాతాన్ని ఎలా కొలవాలన్న మార్గదర్శకాలు ఇచ్చేది కేంద్రం. 2018 జనవరిలో నోటిఫై చేసింది. మాకు కావాల్సిన దారం అక్కడ దొరికింది. పింఛను రాష్ట్రానిది, సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు రాష్ట్రం మనిషి, కొలబద్ద మాత్రం కేంద్రానిది.

రెండో ముసాయిదా, సామాజిక న్యాయ శాఖకు:

(అ) అస్థి ఫ్లోరోసిస్ వల్ల మెడ, వెన్ను, కీళ్ల కదలిక కోల్పోయిన వ్యక్తులను 2016 చట్టం కింద ఏ వర్గంలో మదింపు చేస్తున్నారు;
(ఆ) ఒకే వ్యక్తికి పలు కీళ్లలో పాక్షిక నష్టం ఉన్నప్పుడు శాతాన్ని లెక్కగట్టే విధానం ఏమిటి;
(ఇ) ఫ్లోరైడు పీడిత జిల్లాల్లోని మదింపు అధికారులకు దీనిపై ప్రత్యేక సూచనలు ఇచ్చే ప్రతిపాదన ఉందా, ఉంటే వివరాలు?

ఇందులో అన్యాయం అన్న మాట లేదు, నల్గొండ పేరు కూడా లేదు. కానీ ఆ పెద్దాయన మెడ, వెన్ను, మోకాలు మూడూ ఉన్నాయి. (ఆ) భాగాన్ని రాయించింది ఆయనే అనుకుంటాను. ‘ముడిసిన కాడికి ముడిసిన’ అన్న మాట నా చెవుల్లో ఉండిపోయింది. ఆరోగ్య శాఖకు ఇంకో ప్రశ్న వేశాం: జాతీయ కార్యక్రమం కింద జిల్లాల వారీగా గుర్తించిన రోగులు, చేసిన ఆపరేషన్లు.

ఆరోగ్య శాఖ జవాబు ‘ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోనివి’ అన్న అర్థంతో మొదలైంది. ఈ శాఖ జవాబులు చదివేవాళ్లకు ఆ మొదటి వాక్యం కంఠతా వస్తుంది. దాన్ని చూసి నిరుత్సాహపడి కాగితం పక్కన పెట్టేయకండి, అసలు సంగతి అనుబంధంలో ఉంటుంది. సామాజిక న్యాయ శాఖ జవాబు చిన్నదే, పనికొచ్చేది. చలన వైకల్యం ప్రమాణాలకు సరిపోతే దానికి కారణమైన జబ్బు ఏదైనా అర్హత ఉంటుందన్నది దాని సారం. ఆ కాగితాన్ని నేను పదిసార్లు చదివాను.

నాలుగు నిమిషాలు

జవాబులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు సభలో మాట్లాడొచ్చు. ఎప్పుడు? బడ్జెట్‌లో శాఖల ఖర్చు పద్దుల మీద చర్చలో అయితే బాగుండేది, కానీ అన్ని శాఖల పద్దులూ చర్చకు రావు. మిగిలినవన్నీ చివరి రోజు గిలటిన్ కింద, చర్చ లేకుండా, ఒక్కసారిగా ఓటింగ్‌కు పోతాయి. ఆ శాఖ పద్దు వస్తుందని కూర్చుంటే సమావేశాలు అయిపోతాయి. బడ్జెట్ మీద సాధారణ చర్చను ఎంచుకున్నాం, అందులో ఏ శాఖ గురించైనా మాట్లాడొచ్చు. పార్టీల బలాన్ని బట్టి సమయం పంచుతారు. మాకు వచ్చింది నాలుగు నిమిషాలు.

ఎంపీ గారు తెలుగులో మాట్లాడతానన్నారు. రాజ్యాంగం 120వ అధికరణ అందుకు వీలిస్తుంది, దుబాసీల కోసం ముందే తెలియజేయాలి. ప్రసంగం కాపీ వాళ్లకు ఇచ్చి వచ్చాను. ‘గారపళ్లు’ దగ్గర వాళ్లు ఆగి, అంటే ఏమిటని అడిగారు. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడటం అని చెప్పాను. తెలుగులో మాట్లాడే ఏ సభ్యుడి దగ్గర పనిచేసినా ఈ అయిదు నిమిషాలు తప్పకుండా వెచ్చించండి. దుబాసీకి తెలియని మాట సభకు చేరదు.

మా ఇద్దరికీ ఒక్కచోటే తేడా వచ్చింది. సమయం సరిపోదని నేను మండలాల పేర్లు కొట్టేశాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు అంటే ఉత్తరాది సభ్యులకు ఏం తెలుస్తుందని నా వాదన. ఆయన పెన్ను తీసుకుని మర్రిగూడను మళ్లీ రాశారు. “వాళ్లకు తెలియదు కాబట్టే చెప్పాలి” అన్నారు.

ప్రసంగం ఇలా మొదలైంది: నీళ్ల లోంచి ఫ్లోరైడు తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరు పెట్టి పిలుస్తారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ తయారుచేసిన నల్గొండ టెక్నిక్ అది. పటిక, సున్నం వేసి కలిపి, తేర్చి, వడపోయడం. టాంజానియా దాకా వెళ్లింది. ఒక జిల్లా పేరు పుస్తకాలకెక్కింది, ఆ జిల్లా మనిషి నడుము మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు.

తర్వాత ఆయన చేసింది నా కాగితంలో లేదు. ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది చేసే పరీక్ష ఒకటుంది. గదవ ఛాతీకి ఆనించమంటారు, చేతులు తల వెనక పెట్టమంటారు, వంగి కాలి వేళ్లు ముట్టమంటారు. “ఒక్కసారి మీ గదవను ఛాతీకి ఆనించండి” అని సభ్యులను కోరారు. నేను పై నుంచి చూస్తున్నాను. ఇటు వైపు ఇద్దరు ముగ్గురు, అటు వైపు ఒకరు నిజంగానే తల వంచారు. “మా దగ్గర ఇది చేయలేని మనుషులున్నారు” అన్నారు ఎంపీ గారు. ఆ కాసేపు సభలో చప్పుడు తగ్గింది.

పాలమూరు బిడ్డ జైపాల్ రెడ్డి గారు నాకు గుర్తొచ్చారు. పోలియోతో చంకకర్రల మీద నడుస్తూ, మాటతో సభను నిలబెట్టిన మనిషి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు అందుకున్నారు. దక్షిణ తెలంగాణ నుంచి వెళ్లేవాళ్లకు ఆ సభలో అలాంటి వారసత్వం ఉందన్న సంగతి నేను మర్చిపోను.

చర్చ అయ్యాక లాబీలో రాజస్థాన్ సభ్యుడొకరు వచ్చి కలిశారు. వాళ్ల నాగౌర్ వైపు కొన్ని ఊళ్లను కలిపి ‘బాంకా పట్టీ’ అంటారని చెప్పారు, వంకర పట్టీ అని అర్థం. మనుషులు వంగిపోయారని ప్రాంతానికే ఆ పేరు. మా సమస్య దేశం సమస్య అని మేం వాదించి నిరూపించాల్సిన పని లేకుండా పోయింది. మంత్రికి రాసిన ఉత్తరం మీద రెండు మూడు రాష్ట్రాల సభ్యులు సంతకాలు చేశారు.

ఆ తర్వాత, వచ్చిన జవాబు మీద మరింత వివరణ అడిగే అరగంట చర్చకు నోటీసు ఇచ్చాం, బ్యాలెట్‌లో రాలేదు. ముఖ్యమైన విషయాన్ని సభ దృష్టికి తెచ్చే 377వ నిబంధన కింద 250 పదాల్లో ఇదే విషయం పెట్టాం, దానికి లిఖితపూర్వక జవాబు ఆలస్యంగా వచ్చింది, అందులో కొత్తగా ఏమీ లేదు. చట్టంలోని జాబితాలో ఫ్లోరోసిస్ పేరు చేరలేదు. మార్గదర్శకాలను 2024 మార్చిలో సవరించారు, మా పని అంతకు ముందటిది. చౌటుప్పల్ దగ్గర ఫ్లోరైడు పరిశోధన కేంద్రం కావాలన్న డిమాండ్ అప్పటికీ డిమాండ్‌గానే ఉంది.

జవాబు కాగితం జిల్లాకు వచ్చాక

పని జరిగింది జిల్లాలో. కేంద్ర పథకాల సమీక్షకు జిల్లాలో దిశ కమిటీ ఉంటుంది, దానికి ఎంపీ అధ్యక్షుడు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. ఎంపీ గారు సామాజిక న్యాయ శాఖ జవాబు ప్రింట్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టారు. ఉపన్యాసం ఇవ్వలేదు. కారణం ఏదైనా ప్రమాణానికి సరిపోతే అర్హత ఉందని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది కాబట్టి, ఫ్లోరైడు మండలాల్లో ప్రత్యేకంగా సదరం క్యాంపు పెట్టాలని అడిగారు. మండలంలోనే పెట్టాలి, కింది అంతస్తులోనే పెట్టాలి, ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే ముందే తీయించాలి. ఫ్లోరోసిస్ ముంజేతి ఎక్స్‌రేలో స్పష్టంగా తెలుస్తుంది. వాదోపవాదాలు జరిగాయి, ఎముకల డాక్టర్లు దొరకడం కష్టమన్నారు. చివరికి ఒప్పుకున్నారు. రెండు మూడు వాయిదాల తర్వాత క్యాంపు జరిగింది.

వచ్చిన అందరికీ సర్టిఫికెట్ రాలేదు. కొంతమందికి ఈసారీ శాతం చాలలేదు, వాళ్లకు రాతపూర్వకంగా కారణం ఇప్పించాం, అప్పీలుకు అదే ఆధారం. మా పెద్దాయనకు వచ్చింది. నెల తర్వాత ఆ దారిన పోతూ ఆయన ఇంటి ముందు ఆగాను.

“ఢిల్లీల మన ముచ్చట ఎంతసేపు మాట్లాడిన్రు బిడ్డా?”

“నాలుగు నిమిషాలు పెద్దయ్యా.”

కాసేపు ఆలోచించాడు. “మర్రిగూడ అని పేరు పెట్టి అన్నరా?”

“అన్నారు.”

ఆయన రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించాడు. ఒళ్లంతా లేపుకుని, మెల్లగా, లోపల వంట దగ్గరున్న భార్య వైపు తిరిగాడు, ఆ మాట చెప్పడానికి.